నెల్లూరు–ఒంగోలు తీరం: పాత రేవులు, సముద్రపు వస్తువులు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత రేవులు చూడాలనుకునేవాళ్ళూ, బడిలోనో పంచాయతీ గదిలోనో పడవ సామాను, లంగర్లు, వలలు దాచిపెట్టాలనుకునేవాళ్ళూ ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. జిల్లాల హద్దులు ఈమధ్య మారాయి కనుక ఊళ్ళను ఉమ్మడి జిల్లాల లెక్కనే చెప్పాం.

ఈ తీరం చరిత్రంతా ఒకచోట చూపించే మ్యూజియం ఉందా?

విశాఖలో కురుసుర జలాంతర్గామిలాగా టిక్కెట్టు కొని లోపలికెళ్ళి చూసే చోటు ఇక్కడ లేదు. ఇక్కడి చరిత్ర తీరం పొడవునా చెదిరి ఉంది. మోటుపల్లిలో గుడి స్తంభం మీద కొంత, దుగరాజపట్నం ఇసుకలో కొంత, చెన్నై మ్యూజియం అల్మారాల్లో కొంత. మిగతాది పట్టపుపాళేల్లో, అంటే చేపలుపట్టేవాళ్ళ ఊళ్ళలో, ఇళ్ళ వెనక చూరు కింద వేలాడుతోంది. ఈ చివరిదే అన్నిటికన్నా తొందరగా పోతోంది. శాసనం ఎనిమిది వందల ఏళ్ళు నిలిచింది. నూలు వల ఒక్క వానాకాలం తడిస్తే చీకిపోతుంది. అందుకే ఈ జవాబుల్లో రాజుల కంటే తెప్పలకూ తాళ్ళకూ ఎక్కువ చోటిచ్చాం.

ఒక్కరోజే ఉంది. ముందు ఏది చూడాలి?

మోటుపల్లి. ఉమ్మడి ప్రకాశంలో చినగంజాం మండలం ఊరు. వీరభద్రస్వామి గుడిలో కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244–45లో వేయించిన అభయ శాసనం ఉంది. తెలుగునేల మీద సముద్ర వ్యాపారం గురించి ఇంత సూటిగా మాట్లాడే రాయి మరొకటి దొరకడం కష్టం.

ఉదయం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు గానీ సాయంత్రం గానీ వెళ్ళండి. నడినెత్తిన ఎండ ఉంటే అక్షరాల లోతు కనిపించదు. నీడలో ఉన్న స్తంభమైతే టార్చిలైటును రాతికి పక్కనుంచి, దాదాపు రాయికి ఆనించినట్టు పట్టుకుంటే అక్షరాలు పైకి లేచినట్టు కనపడతాయి. నాలుగు వైపుల నుంచీ వెలుగు వేసి నాలుగు ఫోటోలు తీయండి. ఒకదాంట్లో కనపడని గీత ఇంకోదాంట్లో దొరుకుతుంది. సుద్దముక్క రుద్ది చదవకండి, నూనె పూయకండి. సుద్ద అక్షరం గుంటలో కూరుకుపోతుంది, దాన్ని కడగబోయి అంచులు అరగదీస్తారు. నూనె దుమ్మును పట్టి పెచ్చు కడుతుంది. తడి కాగితంతో అచ్చు తీసే పని పురావస్తు, శాసన శాఖలవాళ్ళది. దాన్ని వాళ్ళకే వదిలేయాలి.

ఆ శాసనంలో ఏముంది?

ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ తుఫానుకు చిక్కి, పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవాళ్ళు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రానికి తెగించి వచ్చినవాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, న్యాయమైన సుంకం తప్ప మిగతాదంతా వాళ్ళకే వదిలేస్తున్నామని గణపతిదేవుడు మాటిచ్చాడు. ఎగుమతి, దిగుమతులు రెండింటి మీదా సుంకం ముప్ఫై వంతుల్లో ఒక వంతు. ఆపైన సరుకుల పట్టీ: చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టునూలు, పగడాలు, రాగి, సీసం, మిరియాలు, పోకలు.

ఈ పట్టీని తొందరగా దాటేయకండి. కర్పూరం తూర్పు దీవుల సరుకు, పన్నీరు పడమటి దేశాలది, మిరియాలు మలబారువి. ఒక్క రాయిలో ఇవన్నీ కలిశాయంటే మోటుపల్లికి ఎన్ని దిక్కుల నుంచి ఓడలు వచ్చేవో తెలిసిపోతుంది. పిల్లలను తీసుకెళ్ళే మాస్టార్లు ముందే గోడపటం మీద ఈ సరుకుల దేశాలు గుర్తుపెట్టించి తీసుకెళ్తే శాసనం వాళ్ళకు మాట్లాడుతుంది. కాకతీయుల తర్వాత రెడ్డిరాజుల్లో అనవోతారెడ్డి 1358లో ఇదే ఊళ్ళో వర్తకులకు మళ్ళీ అభయమిచ్చాడు. అంటే నూరేళ్ళ తర్వాతా రేవు బతికే ఉంది.

మార్కోపోలో చెప్పిన ముత్‌ఫిలి ఇదేనా?

ఇదే. 13వ శతాబ్దం చివర్లో ఈ తీరం గురించి రాస్తూ ఇక్కడి రాణిని, వజ్రాలను, సాలెగూడంత సన్నటి బట్టలను మెచ్చుకున్నాడు. ఒకచోట పొరబడ్డాడు. రాణి చనిపోయిన రాజు భార్య అనుకున్నాడు. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు.

కృష్ణపట్నం కొత్త రేవు కాదా?

ఇప్పుడు ఓడలు ఆగే రేవు 2008 జులైలో మొదలైంది. ఊరు మాత్రం చాలా పాతది. తెలుగుచోడుల కాలపు శాసనాల్లో దీని పేరు కొల్లితురై, ఇంకో పేరు గండగోపాలపట్నం. కండలేరు సముద్రంలో కలిసే ముఖం ఇక్కడుంది. అలలు నేరుగా కొట్టని నీళ్ళు దొరికే చోట్లు ఈ తీరంలో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. అందుకే అప్పుడూ ఇప్పుడూ రేవు ఇక్కడే కుదిరింది.

ఆర్మగాన్ అంటే ఏ ఊరు? అక్కడ కోట కనపడుతుందా?

దుగరాజపట్నం, వాకాడు మండలం. ఇంగ్లీషువాళ్ళు 1626 ప్రాంతంలో ఇక్కడ వర్తక కొఠీ పెట్టారు, 1628కల్లా చుట్టూ ఫిరంగులు నిలిపి బలపరిచారు. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్ళు కట్టుకున్న మొదటి కోట అదే, చెన్నపట్నం కంటే ముందు. వాళ్ళకు సాయపడిన స్థానికుడు ఆరుముగం మొదలియారి పేరే వాళ్ళ నోట్లో ఆర్మగాన్ అయింది. ఒడ్డుకు దూరంగా నీళ్ళ అడుగున ఇసుకతిన్నె ఉంది. దాని చాటున ఓడలు నిలబడేవి.

ఎందుకు వదిలేశారంటే, చుట్టుపక్కల వాళ్ళకు కావలసినంత బట్ట, కావలసిన రకం దొరకలేదు. ఇక్కడి కొఠీలో పనిచేసిన ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెతుక్కుంటూ వెళ్ళి 1639లో చెన్నపట్నం దగ్గర స్థలానికి అనుమతి తెచ్చుకున్నాడు. 1640లో మకాం అక్కడికి మారింది. చెన్నై కథ మొదలయ్యేది వాకాడు మండలంలో అన్న సంగతి మన బడి పిల్లలకు తెలియాలి.

అక్కడికెళ్ళి నిలువెత్తు బురుజుల కోసం చూడకండి. నేల తీరు, ఒడ్డు వంపు, దూరాన తిన్నె మీద అలలు విరిగే గీత, చూడాల్సింది వీటిని. పులికాట్ ఆవలి ఒడ్డున, తమిళనాడు వైపు, డచ్చివాళ్ళ 17వ శతాబ్దపు సమాధులు ఉన్నాయి. వాటి మీద చెక్కడాలు బాగా నిలిచాయి. ఒకే ప్రయాణంలో రెండూ చూడచ్చు.

కొత్తపట్నం రెండున్నాయా?

రెండున్నాయి, చాలామంది తికమక పడతారు. ఒకటి ఒంగోలు పక్కనున్న కొత్తపట్నం. రెండోది నెల్లూరు వైపు కోట మండలంలోది. మధ్యయుగపు చైనా పింగాణీ పెంకులు తవ్వకాల్లో బయటపడింది రెండోదాంట్లో.

ఇన్ని రేవులు ఎందుకు పోయాయి?

మొదటి కారణం ఇసుక. నైరుతి గాలుల కాలంలో అలలు ఇసుకను ఒడ్డు వెంబడే ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్యపు గాలుల్లో దక్షిణానికి తోస్తాయి. ఏడాది మొత్తం లెక్క తీస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఏరు వరదలో ఉన్నప్పుడు ముఖం తెరుచుకుంటుంది, ఎండాకాలం ధార తగ్గగానే ఇసుక అడ్డం పడి మూసేస్తుంది. మూడు నాలుగేళ్ళు వరుసగా వానలు లేకపోతే రేవు ముఖం పక్కకు జరిగిపోతుంది, ఊరు అక్కడే ఉండిపోతుంది. సముద్రంలోకి రాతిగోడ కట్టినా ఇదే లెక్క: గోడకు దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. చెన్నై రేవు కట్టాక మెరీనా వెడల్పయింది, రాయపురం వైపు కోత పడింది. మన తీరంలో కొత్త గోడలు లేస్తున్న చోట్ల ఉత్తరాన ఉన్న పాళేలు ఏటేటా ఒక కొబ్బరిచెట్టునో గుడిగోడనో గుర్తుగా పెట్టుకుని, అక్కడి నుంచి నీటి అంచు దాకా టేపుతో కొలిచి రాసిపెట్టుకోవాలి. ఒకే నెలలో, పాటు సమయంలో కొలవాలి. పోటులో ఒకసారి, పాటులో ఒకసారి కొలిస్తే లెక్కకు విలువుండదు.

రెండో కారణం రైలు. 1899కి చెన్నై, బెజవాడ మధ్య రైలు కలిసింది. బియ్యం, బట్ట, పొగాకు రైలెక్కాక చిన్న రేవుల్లో ఓడలు ఆగాల్సిన పని తగ్గిపోయింది.

రేవుగోడ లేని చోట సరుకు ఒడ్డుకు ఎలా చేర్చేవాళ్ళు?

ఓడ దూరంగా లంగరు వేసి నిలబడేది. మసూలా పడవలు వెళ్ళి సరుకు దింపుకొచ్చేవి. ఈ పడవలో ఒక్క మేకు ఉండదు. మామిడి పలకల అంచులకు బెజ్జాలు వేసి, మధ్యలో పీచు కూరి, కొబ్బరితాడుతో కుట్టేస్తారు. మేకులు కొట్టిన పడవ బిర్రుగా ఉంటుంది, విరిగే అల ఎత్తి ఇసుక మీద వేస్తే మేకు దగ్గర పలక చీలుతుంది. కుట్టిన పడవ దెబ్బకు వంగి మళ్ళీ సర్దుకుంటుంది. నీళ్ళు కారతాయి. తోడిపోయడానికి ఒక మనిషి ఎప్పుడూ ఉండేవాడు. మీ ఊళ్ళో అంచుకు వరుసగా బెజ్జాలున్న పాత పలక ఎక్కడైనా అరుగుకో పశువుల పాకకో వాడి ఉంటే దాన్ని కాల్చనివ్వకండి. బెజ్జానికీ బెజ్జానికీ మధ్య దూరం కొలవండి. కుట్టు తీరు దానితోనే తెలుస్తుంది.

తెప్ప ఎలా కడతారు? ఫైబరు పడవకూ దీనికీ తేడా ఏమిటి?

తెప్ప పడవ కాదు, కట్టిన దుంగల మోపు. తేలికైన కొయ్య కావాలి. తెల్లపొణికి ఈ పనికి పేరున్న చెట్టు, కొండపల్లి బొమ్మలు చెక్కేదీ దానితోనే. మూడు నుంచి అయిదు దుంగలు, కొన్నిచోట్ల ఏడు. నడిమి దుంగ పొడవుది, కాస్త కిందికి దిగి ఉంటుంది. పక్క దుంగలు దానికి ఒదిగేలా చెక్కుతారు. ముందు కొసలు పైకి లేచేలా ముక్కు కొయ్యలు తగిలిస్తారు, అల మీదికి ఎక్కేది ఆ ముక్కే. ముందొకచోట, వెనకొకచోట అడ్డకొయ్య పెట్టి తాడుతో బిగించి కడతారు. బిగువు తాడులో ఉంది. కొబ్బరితాడు తడిస్తే ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది కనుక నీళ్ళలో దిగాక కట్టు గట్టిపడుతుంది.

నీళ్ళు దుంగల సందుల్లోంచి పైకి వస్తాయి, సందుల్లోంచే పోతాయి. మునిగిపోయేందుకు లోపలంటూ ఏదీ లేదు. బోల్తాపడినా మనుషులు తిప్పి మళ్ళీ ఎక్కుతారు. తెరచాప ఎత్తినప్పుడు గాలికి పక్కకు జారకుండా దుంగల సందులోంచి ఒక పలక నీళ్ళలోకి దింపుతారు. వేటనుంచి వచ్చాక కట్లు విప్పి దుంగలు విడివిడిగా ఇసుక మీద ఆరబెడతారు. ఈ పని మానేస్తే కొయ్య నీళ్ళు తాగి రోజురోజుకూ బరువెక్కుతుంది, ఒక మనిషి తక్కువ ఎక్కాల్సి వస్తుంది.

ఫైబరు పడవకు ఆరబెట్టే పని లేదు, ఇంజను పెట్టచ్చు, ఎక్కువ వల మోస్తుంది. జనం అటు మారింది అందుకే. అది సరైన లెక్కే. కానీ తెప్ప కట్టే చేతులున్నవాళ్ళు ఇప్పుడు పెద్దవయసువాళ్ళు. దుంగలు మిగిలినా కట్టు తెలియకపోతే మిగిలేది వంటచెరుకే.

ఒక కుటుంబం పాత తెప్ప ఇస్తామంటోంది. ఎలా తీసుకోవాలి?

విప్పకముందే పని మొదలెట్టండి. కట్టిన తెప్పను నాలుగు వైపుల నుంచీ, ఒక్కో కట్టునూ దగ్గర నుంచీ ఫోటోలు తీయండి. ప్రతి ఫోటోలో అడుగు స్కేలు పడాలి. కట్టేవాళ్ళు కట్టేటప్పుడూ విప్పేటప్పుడూ వీడియో తీయండి. ముఖం కాదు, చేతులు. తాడు ఎన్ని చుట్లు, మొదట ఏ దుంగ మీదుగా, కొస ఎక్కడ దోపారు అన్నవి కనపడాలి. తర్వాత దుంగలకు ఎడమ నుంచి కుడికి 1, 2, 3 అని చీటీలు కట్టండి. ముక్కు ఎటువైపో బాణం గుర్తు పెట్టండి. ఈ వరస తప్పితే మళ్ళీ అతకవు, ఎందుకంటే ఒక్కో దుంగ పక్కదాని ఒంపుకే చెక్కి ఉంటుంది.

నీడలో, గాలి ఆడే చోట కనీసం మూడు నెలలు ఆరనివ్వండి. ఎండలో పెడితే పైపొర ముందే ఎండి ముడుచుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది, దుంగ నిలువునా చీలుతుంది. నేల మీద పెట్టకండి. రాతి దిమ్మెల మీద, నాలుగైదు అడుగులకొకటి చొప్పున ఆనించండి. రెండు కొసల్లోనే ఆనిస్తే ఏడాదిలో మధ్యలో వంగిపోతుంది. దిమ్మెకూ దుంగకూ మధ్య రబ్బరు షీటు వేస్తే చెద ఎక్కే మట్టిగూడు వెంటనే కనపడుతుంది. వార్నీషు, పెయింటు వద్దు. మెరుపు వస్తుంది కానీ లోపలి ఉప్పు, తడి బయటికి రాలేక పొర ఊడిపోతుంది. పైగా తాడు ఒరిసిన గాడులు, సముద్రపు పురుగు తొలిచిన బెజ్జాలు కప్పబడిపోతాయి. ఆ గాడులే తెప్ప ఎన్నాళ్ళు ఎలా పనిచేసిందో చెప్పేది.

ఇచ్చినవాళ్ళతో ఒక కాగితం రాసుకోండి: పూర్తిగా ఇచ్చారా, కొంతకాలానికి ఇచ్చారా, గది మూతపడితే ఎవరికి వెళ్ళాలి. నోటిమాటగా వదిలేస్తే పదేళ్ళ తర్వాత మనవళ్ళు వచ్చి అడిగినప్పుడు ఎవరి దగ్గరా జవాబుండదు.

వలలో లంగరు పడింది. తుప్పు గీకి రంగు వేయమంటారా?

వద్దు, ఆరనివ్వకండి కూడా. ఏళ్ళ తరబడి సముద్రంలో ఉన్న ఇనుము లోపలి పగుళ్ళలో ఉప్పు చేరి ఉంటుంది. బయటికి తీసి ఆరబెడితే గాలి తగిలి తుప్పు రెట్టింపు వేగంతో పెరుగుతుంది, పెచ్చులు పెచ్చులుగా ఊడి కొన్ని నెలల్లో ఆకారమే పోతుంది. రంగు వేస్తే ఇదంతా రంగు కింద జరుగుతుంది, తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

తడిగోనె చుట్టి తెచ్చి, ప్లాస్టిక్ డ్రమ్ములో మునిగేలా ఉంచండి. 200 లీటర్ల నీళ్ళకు 10 కిలోల వాషింగ్ సోడా కలపండి, అది 5 శాతం ద్రావణం. కాస్టిక్ సోడా అయితే 2 శాతం, అంటే 4 కిలోలు చాలు. పని బాగా చేస్తుంది కానీ ఒళ్ళు కాలుస్తుంది. చేతొడుగులు, కళ్ళద్దాలు లేకుండా ముట్టకూడదు. సోడాను నీళ్ళలో కొంచెం కొంచెంగా వేయాలి, సోడా మీద నీళ్ళు పోస్తే చిమ్ముతుంది. అల్యూమినియం పాత్ర వాడకండి, సోడా దాన్ని తినేస్తుంది. బడి ఆవరణలో వాషింగ్ సోడాయే మంచిది.

నీళ్ళ దగ్గర చాలామంది తప్పు చేస్తారు. తీరపు ఊళ్ళలో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి. వాటితో కలిపితే ఉప్పు తీయడానికి ఉప్పు పోసినట్టే. వాననీళ్ళు గానీ శుద్ధి చేసిన మంచినీళ్ళు గానీ వాడాలి. నెలకోసారి ద్రావణం మార్చండి. ఉప్పు ఇంకా వస్తోందా అన్నది కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో చూడచ్చు. గ్లాసులో కొంచెం ద్రావణం తీసి, ముందు నైట్రిక్ ఆమ్లంతో సోడాను చంపి, తర్వాత సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా మబ్బు పట్టినంతకాలం ఉప్పు ఉన్నట్టే. ఆమ్లం వేయడం మరిచిపోతే సోడాయే మబ్బు పట్టించి మోసం చేస్తుంది. చిన్న వస్తువుకు నెలలు, పెద్ద లంగరుకు ఏళ్ళు పడుతుంది. తర్వాత కడిగి, ఆరబెట్టి, టానిక్ ఆమ్లం పూత, దానిపైన మైనం పూత.

కొయ్య అడ్డపట్టె ఇంకా తగులుకుని ఉన్న లంగరుకు ఇవేవీ చేయకండి. సోడా కొయ్యను పాడుచేస్తుంది. మంచినీళ్ళలో ముంచి ఉంచి పురావస్తు శాఖవాళ్ళకు చెప్పండి. సముద్రపు అడుగు నుంచి వచ్చిన ఏ కొయ్యకైనా ఇదే మాట. లోపలి గుజ్జు ఎప్పుడో కరిగిపోయి నీళ్ళే దాని ఆకారాన్ని నిలబెడుతుంటాయి. ఎండితే సగానికి ముడుచుకుపోతుంది.

పింగాణీ పెంకులు, కుండముక్కలు దొరికితే?

మంచినీళ్ళ బకెట్లో నానబెట్టండి. మొదటి వారం రోజూ, ఆపైన వారానికోసారి నీళ్ళు మార్చండి. నీళ్ళలో ఎంత ఉప్పు కరిగి ఉందో చూపించే, ఆర్వో మిషన్లవాళ్ళు వాడే టీడీఎస్ మీటరుతో పోసే ముందు, మార్చే ముందు చూడండి. రెండు అంకెలూ దాదాపు ఒకటయ్యాక తీసి నీడలో ఆరబెట్టండి. ఇలా చేయకపోతే లోపలి ఉప్పు స్ఫటికాలు కట్టి పై మెరుపుపొరను లేపేస్తుంది. ఒడ్డున ఎక్కడ దొరికిందో, ఎంత లోతులోనో ఆరోజే రాయండి. చోటు తెలియని పెంకు విలువ సగానికి పడిపోతుంది.

బంగారు నాణేలో, పాత విగ్రహమో బయటపడితే మనమే ఉంచుకోవచ్చా?

కుదరదు. నేలలో దాగి దొరికిన, పది రూపాయలకు మించి విలువున్న దేన్నైనా కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి నిధుల చట్టం అంటుంది. నూరేళ్ళు దాటిన శిల్పాలు, నాణేలు, చేతిపనులు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి, వాటిని దేశం దాటించడం నేరం.

నెల్లూరు దగ్గరే జరిగిన సంగతి చూడండి. 1780ల్లో ఒక రైతు దున్నుతుంటే పాత గుడి శిథిలం, దాని కింద కుండ, కుండలో రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి. రోము చక్రవర్తులు ట్రేజన్, హేడ్రియన్, రాణి ఫౌస్టినాల బొమ్మలవి, రెండో శతాబ్దానివి. సంగతి పైవాళ్ళకు తెలిసేలోపే చాలావాటిని పాత బంగారం కింద అమ్మేశారు, కరిగించేశారు. ముప్ఫై పైచిలుకు మాత్రమే దక్కాయి. కుండలో ఎన్నుండేవో, ఏ వరసలో ఉండేవో ఇక ఎప్పటికీ తెలియదు. శాతవాహన యజ్ఞశ్రీ సీసపు నాణేల మీద రెండు తెరచాప స్తంభాల ఓడ బొమ్మ ఉంటుంది. అలాంటి సీసపు బిళ్ళలను వల గుండ్లకోసం కరిగించడం ఇంకా తేలిక. మీ పాళెంలో పాత వల గుండ్లను ఒక్కసారి తిప్పి చూడండి.

శంఖాలు, తాబేలు డిప్ప, తిమింగలం ఎముక పెట్టచ్చా?

తాబేలు డిప్ప, తిమింగలం, డాల్ఫిన్ ఎముకలు, రంపపుచేప ముట్టె, సముద్రపు గుర్రం, పగడపు దిబ్బ ముక్క వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి. కొన్ని గవ్వలు, శంఖాలు కూడా వస్తాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చినదైనా సరే అటవీశాఖ అనుమతి లేకుండా ఉంచకూడదు. బొమ్మలు, ఫోటోలు పెట్టండి.

నూలు వలలు, పాత కాగితాలు ఎలా దాచాలి?

నైలాన్ రాకముందు వలలు నూలువి, జనపవి. కుళ్ళకుండా చింతపిక్కల కషాయం పట్టించేవాళ్ళు. ఆ ముదురు రంగు మురికి కాదు, ఉతకకండి. మడత పెడితే మడత దగ్గరే తెగుతుంది, వెడల్పాటి గొట్టానికి చుట్టి పైన నూలుగుడ్డ కప్పండి. బెండ్లు, గుండ్లు విప్పకండి, వాటి మధ్య దూరమే ఏ చేపకు వాడిన వలో చెబుతుంది. కాగితాలకు లామినేషన్, సెల్లోటేపు రెండూ వద్దు. టేపు జిగురు పసుపెక్కి అక్షరాలను తినేస్తుంది, లామినేషన్ మళ్ళీ ఊడదీయడానికి రాదు.

నంబర్లు, రిజిస్టరు ఎలా?

సంవత్సరం, ఆ ఏడాది ఎన్నో రాక, అందులో ఎన్నో వస్తువు: 2026.4.2 చాలు. ఇనుము, కొయ్యల మీద నేరుగా రాయకండి. మ్యూజియాలవాళ్ళు వాడే పారలాయిడ్ బి-72 అనే పారదర్శక జిగురు పూత చిన్న చారగా వేసి, ఆరాక దానిమీద ఇండియన్ ఇంకుతో రాయండి, ఎప్పుడైనా అసిటోన్‌తో తీసేయచ్చు. బట్టకైతే నూలు పట్టీ కుట్టండి. రిజిస్టరులో ఊరు, ఇచ్చినవాళ్ళు, దాన్ని వాళ్ళు ఏమని పిలుస్తారో ఆ మాట. ఈ చివరిది వదలకండి. పుస్తకం మాట రాసి పాళెం మాట వదిలేస్తే వస్తువు మిగిలి పేరు పోతుంది.

బకింగ్‌హామ్ కాలువ పడవల సంగతి?

1806లో చెన్నై నుంచి ఎన్నూరు వైపు చిన్నగా మొదలై, అంచెలంచెలుగా ఉత్తరానికి సాగి, 1876–78 కరువులో కొంత కూలి పనిగా తవ్వాక, అప్పటి గవర్నరు పేరు తెచ్చుకుంది. పెద్దగంజాం దగ్గర కృష్ణా కాలువలను కలుస్తుంది. బియ్యం, ఉప్పు, కట్టెలు దాని మీదే చెన్నైకి పోయేవి. సముద్రానికి సమాంతరంగా పోయే ఉప్పునీటి కాలువ కనుక తుఫాన్ల కాలంలోనూ పడవ నడిచేది. లాకుల రాతికట్టడాలు మిగిలిన చోట గోడ మీద నీటిమట్టం గుర్తులు వెతకండి. 2004 డిసెంబరు 26 సునామీ నీళ్ళు ఎంతవరకూ వచ్చాయో కాలువగట్టు దగ్గరి పెద్దవాళ్ళు వేలుపెట్టి చూపిస్తారు, ఆ ఎత్తు కొలిచి రాయండి.

తుఫానప్పుడు రేవులో ఎగరేసే నంబర్ల అర్థమేమిటి?

1, 2 అంటే దూరాన సముద్రంలో వాయుగుండమో తుఫానో ఉంది. 3, 4 అంటే ఈ రేవుకే ఈదురుగాలి ప్రమాదం. 5, 6, 7 తుఫానుకు, 8, 9, 10 తీవ్ర తుఫానుకు. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. పగలు స్తంభానికి గుండ్రటి, కోణపు గుర్తులు, రాత్రి ఎర్ర, తెల్ల దీపాలు.

5కీ 6కీ తేడా ఎక్కువ, తక్కువ కాదు. తుఫాను పోయే దారికి రేవు ఎడమన ఉంటే 5, కుడిన ఉంటే 6, దాదాపు పైనుంచే పోతే 7. తీవ్ర తుఫానుకు 8, 9, 10 ఇదే వరస. మన తీరంలో తుఫాను సాధారణంగా పడమటికి వస్తుంది, ఎడమ అంటే దక్షిణం. కావలి దగ్గర తీరం దాటితే కృష్ణపట్నానికి గాలి నేలమీద నుంచి సముద్రానికి కొడుతుంది, ఒంగోలు కొత్తపట్నానికి సముద్రం నుంచి నేలకు కొట్టి ఉప్పెన తోస్తుంది. 1989 నవంబరులో తుఫాను దాటింది కావలి దగ్గరే. బడిలో ఈ గుర్తులను తగరంతో చేసి కడ్డీకి వేలాడదీయచ్చు, చిన్న ఖర్చుతో ఇంత ఉపయోగపడేది ఇంకోటి లేదు.

పిల్లలను బయటి మ్యూజియాలకు ఎక్కడికి తీసుకెళ్ళాలి?

విశాఖ ఆర్‌కే బీచ్‌లో కురుసుర. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విరమించి, 2002 నుంచి మ్యూజియం. పొడవు 91 మీటర్లు, లోపల దారి ఇరుకు, తలుపులు గుండ్రటి బెజ్జాలు, పిల్లలను పదిమంది చొప్పున పంపండి. ఎదుటే టీయూ-142 విమానం. నెల్లూరు నుంచి రైల్లో సుమారు 600 కిలోమీటర్లు, రాత్రి ప్రయాణం. దగ్గరలో అయితే చెన్నై ఎగ్మూరు మ్యూజియం, సెయింట్ జార్జి కోట మ్యూజియం. ఎగ్మూరుకు శుక్రవారం సెలవు. కోటకు వెళ్ళే ముందు దుగరాజపట్నం కథ చెప్పి తీసుకెళ్ళండి.

తుఫాను హెచ్చరిక వచ్చింది. గదిలో వస్తువులు ఏం చేయాలి?

ముందు రిజిస్టరు. దాని ఫోటోకాపీ ఒకటి తీరానికి దూరంగా వేరే ఊళ్ళో ఎప్పుడూ ఉండాలి. తర్వాత కాగితాలు, ఫోటోలు: రెండు మందపాటి పాలిథిన్ సంచుల్లో కట్టి అటక మీదికి. ఆ తర్వాత వలలు, బట్ట. నానబెట్టిన ఇనుము డ్రమ్ములకు మూత బిగించి తాడుతో స్తంభానికి కట్టేయండి, సోడానీళ్ళు ఒలికితే పిల్లలు తెలియక అందులో అడుగు పెడతారు. తెప్ప దుంగలను కూడా తాళ్ళతో దిమ్మెలకు బిగించండి, గదిలోకి నీళ్ళొస్తే అవి తేలతాయి, తేలి తలుపులు పగలగొడతాయి. నీళ్ళు తీశాక తడిసినవాటిని ఎండలో పరచకండి. కాగితాలు 48 గంటల్లో బూజు పడతాయి కనుక మొదటి రోజే విడదీసి, మధ్యలో తెల్ల కాగితాలు పెట్టి ఫ్యాను కింద ఆరబెట్టాలి. కరెంటు లేకపోతే తలుపులు, కిటికీలు తీసి గాలి ఆడనివ్వండి. ఉప్పెన నీళ్ళు తగిలిన ప్రతిదాన్నీ ముందు మంచినీళ్ళతో తడిపి తుడవాలి, ఉప్పు ఎండాక తీయడం పదింతల పని.